నిండు గిన్నె

ప్రార్థన సగంలో ఉండగానే నేను లేవాలి. శుక్రవారం కూడికలో మా ఆయన ఎర్మెక్ మోకాళ్ళమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మమ్మల్ని మేము పూర్తిగా..." అని గొంతు పెంచాడంటే ఇంకో రెండు నిమిషాల్లో ఆమేన్ వస్తుందని గుర్తు. ఆ "పూర్తిగా" దగ్గర నేను చప్పుడు కాకుండా లేచి వెళ్ళి కరెంటు సమోవర్ మీట నొక్కుతాను. ఆమేన్ అనేసరికి నీళ్ళు మరుగుతూ ఉండాలి. కళ్ళు తెరిచినవాళ్ళకి ఎదురుగా రొట్టె, వెన్న, నేరేడు రంగు జామ్, అప్పుడే నూనెలోంచి తీసిన పొంగిన పిండిముక్కలు, బోర్సోకులు, కుప్పగా కనపడాలి. దేవుడితో మాట్లాడి వచ్చినవాళ్ళకి ఆకలి ఎక్కువ. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో శుక్రవారం ప్రార్థన జరుగుతోంది. ఇరవై ఏళ్ళలో నేను మోకాళ్ళమీద ఉండి ఆమేన్ అన్న రోజు ఒక్కటి కూడా గుర్తు లేదు. నా ఆమేన్ ఎప్పుడూ వంటింట్లోనే, చిల్లుల గరిట చేత్తో పట్టుకుని, పొయ్యి వైపు తిరిగి.

తర్వాత గుమ్మం పక్కన, కోడలి చోటులో, సమోవర్‌ని ఆనుకుని కూర్చుని టీకుండతో చాయ్ పోస్తాను. మా దగ్గర చాయ్ పొయ్యడం అంటే ఒంపడం కాదు, అదో తూకం. గిన్నెలో సగానికి కూడా రాకూడదు. రెండు గుక్కలకి సరిపడా పోసి ఇవ్వాలి, గిన్నె ఖాళీ అయి నా చేతికి తిరిగి రావాలి, మళ్ళీ రెండు గుక్కలు. ఎంత తక్కువ పోస్తే అంత మర్యాద. ఇంకా కూర్చోండి, మీకు పొయ్యడం మాకు బరువు కాదు అని అర్థం. ఒక్కో మనిషికి పది పన్నెండుసార్లు. ఎవరికైనా గిన్నె నిండా పోశామంటే, ఇది తాగేసి ఇక బయల్దేరండి అని మొహంమీద చెప్పినట్టే. ఈ సంగతి మా ఊళ్ళో పాలు మానని పిల్లలకి కూడా తెలుసు.

ఇంత తెలిసిన నేనే పెళ్ళైన మర్నాడు ఆ తప్పు చేశాను. అత్తవారింట్లో మొదటి చాయ్. కోచ్కోర్ ఊరినుంచి ఎర్మెక్ వాళ్ళ పెదనాన్న వచ్చి గది నడిమధ్య, పెద్దల చోటులో కూర్చున్నాడు. కొత్త తలగుడ్డ కళ్ళమీదికి జారుతోంది, చేతులు వణుకుతున్నాయి, తల ఎత్తకూడదు. ఆ కంగారులో ఆయన గిన్నె అంచుదాకా నింపేశాను. పెద్దాయన గిన్నెని చూశాడు, నన్ను చూశాడు, పక్కనున్న టోపీ తీసి తలమీద పెట్టుకున్నాడు. "సరే తల్లీ, పోతున్నా. బూట్లయినా తొడుక్కోనిస్తావా?" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. నవ్వనిది మా అత్తయ్య కులుయ్పా ఒక్కతే. పాతికేళ్ళుగా ఏ చుట్టం వచ్చినా ఆవిడ మొదటి మాట అదే. "మా కోడలి చేతి చాయ్‌తో జాగ్రత్త! మొదటిరోజే మా బావగారిని గెంటేసింది." ఆ తర్వాత అత్తయ్య కూడా బాప్తిస్మం తీసుకుంది, సంఘంలో ఆడవాళ్ళ కూడికలో అందరి ముందూ పాపాలు ఒప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంది, కళ్ళు తుడుచుకుని ఈ కథ చెప్పింది. నా పాపాలన్నీ ప్రభువు కడిగేశాడు గానీ ఆ గిన్నె ఒక్కటి మాత్రం కడగకుండా వదిలేశాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన ఆదివారం జరిగినదాని గురించి చెప్పాలి.

ఆదివారం ఎర్మెక్ సమర్పణ గురించి ప్రసంగించాడు. కన్నకొడుకుని బలివ్వడానికి కొండమీదికి తీసుకెళ్ళిన తండ్రి కథ. అతను బాగా మాట్లాడతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒకప్పుడు మినీబస్సు నడిపిన మనిషి, బస్సు నిండా జనాన్ని ఎలా ఎక్కించాలో తెలిసినవాడు, గొంతుతో మనుషుల్ని ముందుకి జరపగలడు. నేను ఎప్పట్లాగే ప్రార్థనామందిరం వెనకాల, వంటగది కిటికీ దగ్గర నిలబడి, కూడిక తర్వాత భోజనానికి లాగ్మన్ కోసం ఉడికించిన పిండి దారాలు వారుస్తున్నాను. "మనం ప్రాణంకన్నా ఎక్కువగా చూసుకునేది ఏదో ఒకటుంటుంది. ప్రభువు అదే అడుగుతాడు. బలిపీఠంమీద పెట్టాలి, చెయ్యి తీసెయ్యాలి, మళ్ళీ ముట్టుకోకూడదు" అంటున్నాడు. ఆవిరికి నా కళ్ళు మండుతున్నాయి. "ఇంకొకరికి చెప్పేముందు నా ఇంటినుంచే మొదలుపెడతాను. నా భార్య బూరుల్ తన ఇరవై నాలుగేళ్ళ ఆసుపత్రి ఉద్యోగాన్ని ప్రభువు పాదాల దగ్గర పెట్టేస్తోంది. వచ్చేనెల నుంచి సరస్సు ఒడ్డున మన సంఘం తెరిచే కొత్త అతిథిగృహం భారమంతా ఆమెదే."

స్తోత్రం, స్తోత్రం అని అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నా చేతిలో జల్లెడ ఉంది. పిండి దారాలు వేలాడుతున్నాయి. ఆ మాట నేను కూడా వాళ్ళతోపాటే, వాళ్ళు విన్నప్పుడే విన్నాను.

కూడిక అయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి కౌగిలించుకున్నారు. "నీకెంత విశ్వాసం బూరుల్! మేమైతే ఇవ్వలేం" అంది ఒకామె, కన్నీళ్ళతో. నేను స్తోత్రం అన్నాను. ఇంకేమంటాను? గిన్నెలు అందుకోమన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. అల్లుడికి చప్పట్లు కొట్టారు, అత్త వడ్డన చేసింది. నలభైమందికి వడ్డించి, నలభై గిన్నెలు కడిగి ఇంటికొచ్చేదాకా నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఓపిక ఉండాలి కదా.

ఇంటికొచ్చి గుమ్మంలో అతను విప్పేసిన బూట్లు అరలో సర్దుతూ అడిగాను.

"నన్నొక్క మాట అడగలేదేం?"

"అడిగితే ఏమంటావో నాకు తెలీదా?"

"ఏమంటాను?"

"చూశావా, అప్పుడే గొంతు మారింది. సమర్పణలో 'ఎందుకు' అనేది ఉండదు బూరుల్. ఆ ఉద్యోగం నీకు విగ్రహమైపోయింది. ఇంట్లో ఉన్నా నీ మనసు అక్కడే. మొన్న ఫోన్ మోగితే ప్రార్థనలోంచి లేచిపోయావు."

"కాన్పు అడ్డం తిరిగింది. నేను వెళ్ళకపోతే..."

"నువ్వు వెళ్ళకపోతే దేవుడు లేడా?"

 మా ఇంట్లో చాలా మాటలు ఇలాగే ముగుస్తాయి. దేవుడు లేడా అంటాడు, ఉన్నాడని నేను ఒప్పుకుని తీరాలి, ఒప్పుకోగానే అతని మాట గెలిచినట్టు. లోపల పొయ్యి దగ్గర మోకాళ్ళకి గొర్రెకొవ్వు రాసుకుంటున్న అత్తయ్య అంది: "పూర్తిగా ఇచ్చేసుకోవడమంటే ఏంటో ఆడదానికి పుస్తకం చూసి చెప్పాలట్రా? పొద్దున లేస్తే చేసేది అదేగా. ఇంకాస్త చేస్తే పోయేదేముంది, చెయ్యనీ." అది నన్ను వెనకేసుకు రావడమో, నామీద ఇంకో బస్తా పెట్టడమో నాకు అర్థం కాలేదు. ఆవిడకీ తెలుసో లేదో.

నన్ను దేవుడి దగ్గరికి తెచ్చింది ఎర్మెక్ కాదు. ఈ మాట మా సంఘంలో ఎవరూ చెప్పరు, పాతవాళ్ళకి తెలిసినా. నేనప్పుడు కాన్పుల వార్డులో కొత్త నర్సుని. ఇరవై మూడేళ్ళు. ఫ్రీదా అక్క అని ఒక జర్మన్ ఆవిడ, యుద్ధం రోజుల్లో వాళ్ళ తాతల్ని రైలుపెట్టెల్లో కుక్కి ఈ దేశంలో దించిపోయారట, ఆవిడ నాకు పని నేర్పింది. కాన్పుకి ముందు మోచేతులదాకా చేతులు కడుక్కునేటప్పుడు ఆవిడ పెదాలు కదిలేవి. ఏంటక్కా లెక్కపెడుతున్నావా అని అడిగాను. "లేదే పిల్లా, చేతులు ఆయనకి అప్పజెప్తున్నా. మనవైతే వణుకుతాయి" అంది. అంతే. నాకెవరూ నరకం గురించి చెప్పి భయపెట్టలేదు, స్వర్గం చూపించి ఆశపెట్టలేదు. ఆ మర్నాటినుంచి నేనూ అలాగే కడుక్కోవడం మొదలుపెట్టాను. నా చేతులు వణకడం మానేశాయి. మరుసటి ఏడు మే నెలలో, సరస్సు నీళ్ళు ఇంకా ఎముకలు కొరుకుతున్నప్పుడు, ఛాతీలోతులో నిలబడ్డాను. "నిన్ను నువ్వు పూర్తిగా ఆయనకి ఇచ్చుకుంటున్నావా?" అని అడిగారు. ఇచ్చుకుంటున్నానన్నాను. నీళ్ళలోంచి లేచేసరికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, ఫ్రీదా అక్క ఒడ్డున దుప్పటి పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

ఆరోజు ఎర్మెక్ తాగి బస్సు వెనకసీట్లో పడున్నాడు. తర్వాత సంగతి తెలిసి, "తాతల మతం అమ్ముకొచ్చావా?" అని జుట్టు పట్టుకున్నాడు. అత్తయ్య మూడు నెలలు నా చేతి రొట్టె ముట్టలేదు, విడిగా కాల్చుకుంది. నేను మాట తూలలేదు. మూడేళ్ళు అతని వాంతులు కడిగాను, అతనికోసం ప్రార్థించాను, ఒక శీతాకాలం పొద్దున అతను నా పక్కన మోకరించి వెక్కివెక్కి ఏడ్చాడు. నా జీవితంలో అంత సంతోషం ఇంకోటి లేదు, దేవుడిమీద ఒట్టు. తాగుడు మానేశాడు. చెయ్యెత్తడం మానేశాడు. అయిదేళ్ళకి పాస్టరయ్యాడు. అప్పట్నుంచి సమర్పణ అంటే ఏంటో నాకు నేర్పుతున్నాడు.

సోమవారం రాజీనామా కాగితం రాసి తెల్లకోటు జేబులో పెట్టుకున్నాను. అతను చెప్పింది నిజమేమోనని నాకూ భయం ఉంది. నేను మరీ అంత మంచిదాన్ని కాను. వార్డంటే నాకు ఇష్టం. మా ఆయన మొహంకన్నా ఎక్కువ ఇష్టం కొన్నిరోజుల్లో. దేవుడు నిజంగానే అడుగుతున్నాడేమో, నేను చెవులు మూసుకున్నానేమో. పెద్దడాక్టరు తుర్సునాయ్ గది ముందుకి మూడురోజుల్లో మూడుసార్లు వెళ్ళాను, తలుపు దగ్గర జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడి, పని ఉన్నట్టు తిరిగొచ్చాను.

ఈ విషయం దేవుడినే అడుగుదామనుకున్నాను. దేవుడికీ నాకూ మధ్య విషయం కదా. బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగొచ్చి పడకగదిలో మోకరించాను. "బూరుల్, నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" లేచాను. మళ్ళీ మోకరించాను. "కోడలా, కుంపటి ఆరిపోయినట్టుంది చూడు." లేచాను. మళ్ళీ కూర్చున్నాను. సంఘం నుంచి ఫోన్, అతిథిగృహానికి పరుపులు ఎన్ని కావాలట. నాలుగోసారి మోకరించి ప్రభువా అని మొదలుపెట్టి, తల మంచానికి ఆనించి, అలాగే నిద్రపోయాను. నిద్ర లేచేసరికి చెంపమీద దుప్పటి అంచు అచ్చు పడింది, పొయ్యిమీద మాంసం అడుగంటింది. "ప్రార్థనలో ఉన్నానంది, కూర మాడ్చింది" అని అత్తయ్య రాత్రి భోజనాల దగ్గర నవ్వింది.

గురువారం పొద్దున కొండల్లోని ఊరినుంచి ఒక పిల్లని తీసుకొచ్చారు. పంతొమ్మిదేళ్ళు. తొలికాన్పు, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. బయట బెంచీమీద దాని అత్తగారు, "మేం గొర్రెల దొడ్లో కన్నాం, దీనికి మంచం కావాల్సొచ్చింది" అని అందరికీ వినపడేలా అంటోంది. పిల్ల నా మణికట్టు పట్టుకుని వదలడం లేదు. గోళ్ళు దిగాయి. "అక్కా, నేను చచ్చిపోతానా?" "చచ్చిపోవడానికి ఇక్కడ ఖాళీ మంచం లేదమ్మా, కానేసి ఇంటికెళ్ళు" అన్నాను. ఆ బాధలో కూడా నవ్వింది. నొప్పికీ నొప్పికీ మధ్య దాని కడుపుమీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. అప్పుడు, ఎలా చెప్పను, నాలో నేనుండను. నా మోకాలి నొప్పి ఉండదు, నా నలభై ఏడేళ్ళు ఉండవు, నీలం చొక్కా ఉండదు. చెయ్యి ఒక్కటి ఉంటుంది, అదీ నాది కాదు. ఆ చేత్తో ఎవరో వెతుకుతారు, తల ఎక్కడుందో, వెన్ను ఎటుందో. రెండుగంటల తర్వాత ఆడపిల్ల పుట్టింది, నీలంగా, చప్పుడు లేకుండా. వీపు రుద్దాను, ముక్కు తుడిచాను, ప్రభువా అన్నాను ఒక్కసారి, అంతే. అది ఏడ్చింది. నేను పాతికేళ్ళుగా ఎక్కడ ప్రార్థన చేస్తున్నానో నాకు అప్పుడు తెలిసింది.

చేతులు కడుక్కుంటుంటే జేబులోంచి కాగితం జారి తడినేలమీద పడింది. తుర్సునాయ్ డాక్టరు తీసి చదివింది. ఆవిడ నమాజు చేసే మనిషి, నా మతం జోలికి ఎప్పుడూ రాలేదు.

"మీ దేవుడు అడిగాడా?" అంది.

"మా ఆయన అడిగాడంటున్నాడు."

"దాంతో ఏం చేసుకుంటాడట? ఈ చేతులు తీసుకెళ్ళి పరుపులు దులిపిస్తాడటా?" కాగితం విదిలించి తడి పోయేలా నా చేతిలో పెట్టింది. "ఇది నాకు ఇస్తే సంతకం పెట్టాలి. అందుకే ఇవ్వకు. ఎండాక ఆలోచించు."

శుక్రవారం మధ్యాహ్నం సంఘపెద్దలిద్దరూ వచ్చారు. సగిన్ అన్న రైల్వేలో చేసి దిగిపోయిన మనిషి, అరవై అయిదేళ్ళు, తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ వింటాడు. తుర్దుబెక్‌ది కారు సామాన్ల కొట్టు, ఎర్మెక్‌కన్నా చిన్నవాడు, నన్ను వదినా అంటాడు. మామూలు కూడిక కాదట, ఇవాళ నాకోసమే వచ్చారట. అత్తయ్య కూడా వాళ్ళ పక్కనే కూర్చుంది. బయట గాలి తలుపుల్ని తంతోంది. పొద్దున్నుంచి పిండి పిసికి, బోర్సోకులు వేయించి, అరచేతులు నూనె చుక్కలకి బొబ్బలెక్కాయి. నాకోసం వచ్చినవాళ్ళకి నేనే వడ్డిస్తున్నాను, పెళ్ళికూతురే వంట చేసినట్టు.

"వదినా, మీ బోర్సోకులు తిన్నాక నాకు పరలోకం విందుమీద ఆశ తగ్గిపోతోంది" అన్నాడు తుర్దుబెక్, వెన్న పూస్తూ. "అతిథిగృహంలో రోజూ ఇవే చెయ్యాలి. సరస్సుకొచ్చే జనమంతా రక్షణ పొందుతారు!"

రెండు గుక్కలు పోశాను. ఖాళీ. రెండు గుక్కలు. ఖాళీ.

సగిన్ అన్న మెల్లిగా అడిగాడు. "కాగితం ఇచ్చావా అమ్మా?"

"ఇంకా లేదన్నా."

"సోమవారం ఇచ్చేస్తుంది" అన్నాడు ఎర్మెక్.

"కొంచెం కష్టంగా ఉన్నట్టుంది" అన్నాడు సగిన్ అన్న, నా వైపే చూస్తూ.

"కష్టం కాకపోతే బలి ఎందుకవుతుందన్నా?" అన్నాడు తుర్దుబెక్. నోట్లో రొట్టె ఉంది. "వదినా, ఒక పని చెయ్యండి. ఇప్పుడే మా ముందు మోకరించి నోటితో చెప్పేయండి. పూర్తిగా ఇచ్చేస్తున్నాను ప్రభువా అని. పంటి డాక్టరు దగ్గర పన్ను లాంటిది, పీకేదాకానే భయం."

ఎర్మెక్ నావైపు చూశాడు. కోపంగా కాదు. బతిమాలుతున్నట్టే చూశాడు. అతను చెడ్డవాడైతే నాకు ఇంత అలసట ఉండేది కాదు. "చెయ్యి బూరుల్" అన్నాడు. "మేమంతా నీతో ఉన్నాం."

సరే అనుకున్నాను. నిజంగానే. ఇది దేవుడి పని అయితే ఆయనే చెప్తాడు, ఇన్నాళ్ళకి అందరూ కలిసి నాకోసం కళ్ళు మూసుకుంటున్నారు, ఇంతకన్నా మంచి సమయం నాకు ఎప్పుడు దొరుకుతుంది? టీకుండ కింద పెట్టాను. కోడలి చోటు వదిలి, గది మధ్యకి వచ్చి, నేలమీద తిండికి పరిచిన గుడ్డ అంచు దగ్గర మోకరించాను. మోకాలు కలుక్కుమంది. కళ్ళు మూసుకున్నాను. వాళ్ళూ మూసుకున్నట్టున్నారు. బయట గాలి ఆగింది. గురువారం వార్డులో వచ్చినట్టే, నాలోంచి నేను మెల్లిగా జారిపోవడం తెలిసింది. వస్తున్నాడు, ఇక్కడిక్కూడా వస్తున్నాడు అనుకున్నాను. 

"ప్రభువా..." అన్నాను.

టంగ్‌మని చప్పుడైంది. పళ్ళెంమీద ఖాళీ గిన్నె పెట్టి నావైపు జరిపిన చప్పుడు. నిద్రలో కూడా గుర్తుపడతాను దాన్ని. నేను కళ్ళు తెరవలేదు. పెదాలు బిగబట్టి ఆగాను.  తర్వాత నా భర్త గొంతు, చాలా నెమ్మదిగా, ప్రార్థనకి భంగం కలక్కుండా, మర్యాదగా వినిపించింది.

"బూరుల్... తుర్దుబెక్ గిన్నె."

కళ్ళు తెరిచాను. లేచాను. నా చోటుకి వెళ్ళి టీకుండ అందుకున్నాను. తుర్దుబెక్ గిన్నె తీసుకుని పోశాను. రెండు గుక్కల గీత దాటింది. సగం దాటింది. పోస్తూనే ఉన్నాను, అంచుదాకా, ఇంకో చుక్క పడితే ఒలికేదాకా. నా చేతులు వణకలేదు. రెండు చేతులతో పట్టుకెళ్ళి అతని ముందు పెట్టాను. తర్వాత సగిన్ అన్న గిన్నె. తర్వాత అత్తయ్యది. చివర్న ఎర్మెక్‌ది. నాలుగూ నిండుగా, ఆవిర్లు కక్కుతూ.

తుర్దుబెక్ చెయ్యి గిన్నె దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. "వదినా... పరాకా?" అని నవ్వబోయాడు.

"పరాకు కాదు" అన్నాను. "తాగి వెళ్ళండి. నేను ప్రార్థన చేసుకోవాలి. మధ్యలో లేవకుండా."

"ఏంటి ఈ పిచ్చిపని?" ఎర్మెక్ మొహం ఎర్రబడింది. "పెద్దల్ని గెంటుతావా? నాక్కూడా నిండా పోశావు! నా ఇంట్లోంచి నేనెక్కడికి పోవాలి?"

"గాలి ఆగింది కదండీ. సరస్సుదాకా నడిచిరండి."

"సోమవారం ఆ కాగితం..."

"ఇవ్వను." నా గొంతు నాకే కొత్తగా వినపడింది, గట్టిగా కాదు, అలిసిపోయి, కానీ తడబడకుండా. "ఇరవై మూడేళ్ళ క్రితం ఆ సరస్సులో నిలబడి నన్ను నేను ఆయనకి ఇచ్చేశాను. మీరప్పుడు ఒడ్డున లేరు. పూర్తిగా అంటే పూర్తిగానే ఇచ్చాను, ఏదీ దాచుకోలేదు. ఇప్పుడు నేను నాదాన్నే కాను. నన్ను ఇంకొకరికి ఇవ్వడానికి మీదాన్ని ఎలా అవుతాను?"

 నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. అత్తయ్య తన ముందున్న గిన్నెని రెండు చేతులతో ఎత్తింది. ముసలి చేతులు, కీళ్ళు వాచిన చేతులు, నాకన్నా ముందు పాతికేళ్ళు ఈ గుమ్మం పక్కన కూర్చుని పోసిన చేతులు. అంచుదాకా ఉన్న చాయ్‌ని పరీక్షగా చూసింది. ఇక ఆ కథ మొదలవుతుంది అనుకున్నాను.

"మొదటిరోజు కూడా సరిగ్గా ఇలాగే పోసింది" అంది, ఎవరివైపూ చూడకుండా. "ఒక్క చుక్క ఒలకలేదు. అది మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు."

ఊదుకుంటూ, మొత్తం తాగేసింది. గిన్నె బోర్లించింది. మోకాళ్ళమీద చేతులానించి లేస్తూ కొడుకుతో అంది: "తాగి లెండిరా. చల్లారితే చాయ్ బాగోదు. నేను పక్కింటికెళ్ళి కాసేపు కూర్చుంటా."

సగిన్ అన్న టోపీ తీసుకున్నాడు. నిండు గిన్నెని నిలబడే తాగి, నాకు తల వంచి, "దేవుడు నీ మాట వినాలమ్మా" అని వెళ్ళిపోయాడు. తుర్దుబెక్ రెండు గుక్కలకే నాలుక కాల్చుకుని వదిలేసి అతని వెనకే వెళ్ళాడు. ఎర్మెక్ చాలాసేపు కూర్చున్నాడు. గిన్నె ముట్టుకోలేదు. తర్వాత లేచి కోటు తొడుక్కున్నాడు. గుమ్మంలో బూట్లకోసం తడుముకున్నాడు, అరలోంచి తనే తీసుకున్నాడు. తలుపు మెల్లిగానే వేశాడు. రేపు ఏమంటాడో, ఆదివారం ఏం ప్రసంగిస్తాడో నాకు తెలీదు. సోమవారం నాకు పొద్దున డ్యూటీ.

రొట్టెముక్కల మధ్య, కడగని గిన్నెల మధ్య మళ్ళీ మోకరించాను. ప్రభువా అన్నాను. చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి, ఇరవై ఏళ్ళవి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మాడిన కూర, గురువారం పుట్టిన పిల్ల, ఎర్మెక్, అతని బతిమాలే చూపు, నా అలసట. నీళ్ళు మరిగి సమోవర్ దానంతటదే ఆగిపోయింది. "నన్ను నేను పూర్తిగా..." అన్నాను. ఆ మాట దగ్గర అలవాటు కొద్దీ నా మోకాలు లేవబోయింది. లేవనివ్వలేదు. చివరిదాకా కూర్చుని, ఆమేన్ నేనే అన్నాను.